దేంతో మొదలుపెట్టాలి మేడమ్?

ఈ ఏడాది నా విద్యార్థులు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న గురజాడ మీద కాదు, జాషువా మీదా కాదు, రేపటి ఇంటర్నల్ పరీక్ష మీద అంతకన్నా కాదు. "మేడమ్, యానిమే చూడాలనుకుంటున్నా. దేంతో మొదలుపెట్టమంటారు?" అని. తెలుగు లెక్చరర్ని పట్టుకుని ఇదేం ప్రశ్న అని స్టాఫ్‌రూమ్‌లో నవ్వుతారు. నాకైతే ఇది అచ్చంగా సాహిత్య ప్రశ్నే. పిల్లలు ఒక పరాయి సాహిత్యంలోకి అడుగు పెట్టబోతున్నారు, ఏ గుమ్మంలోంచి వెళ్ళాలో అడుగుతున్నారు. పాఠం చెప్పుకుని బతికే మనిషి దానికి జవాబు చెప్పాలి కదా.

జాబితాలకేం కొదవ లేదు. ఏది తెరిచినా అవే ఐదారు పేర్లు. 2025 సెప్టెంబర్లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకొచ్చింది. మా కాలేజీ పిల్లలు దానికి స్టార్ హీరో సినిమాకి వెళ్ళినట్టు వెళ్ళారు. హాస్టల్ గదుల్లో ఒక ఫోన్ చుట్టూ నలుగురు కూర్చుని చూస్తున్నారు. ఇది ఇప్పుడు సంపన్నుల పిల్లల సరదా కాదు. ఎస్సీ హాస్టల్లో ఉండే పిల్లల రాత్రులు కూడా ఈ కథలతోనే గడుస్తున్నాయి. మన పిల్లల ఊహని ఏ కథలు పెంచుతున్నాయో ఉద్యమాల్లో ఉన్నవాళ్ళం పట్టించుకోకపోతే ఎట్లా?

అందుకని ఈ వారం భాగం దీని మీదే. కథల చివరలు వీలైనంతవరకు చెప్పను. ఒకటి రెండు చోట్ల తప్పదు, ముందే చెబుతున్నా.

అసలు తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మాంగా అంటే జపాన్ బొమ్మల కథ, అచ్చు పుస్తకం. యానిమే అంటే యానిమేషన్. చాలా యానిమేలు ముందు మాంగాలుగా వచ్చినవే. మాంగాని కుడి నుంచి ఎడమకి చదవాలి. మొదటి పది పేజీలు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత కళ్ళు వాటంతటవే అలవాటు పడతాయి. 'షోనెన్' అంటే అబ్బాయిల పత్రికల్లో వచ్చేవి, 'షోజో' అమ్మాయిల పత్రికల్లోవి, 'సేనెన్' పెద్దవాళ్ళవి. అవి కథల రకాలు కావు, ఏ వయసు పాఠకుల పత్రికో చెప్పే గుర్తులు.

పత్రిక అన్న మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. 1968లో మొదలైన 'షోనెన్ జంప్' తర్వాతి ఏడాది వారపత్రికైంది. అందులో పాఠకులు తమకు నచ్చిన కథలు ఏవో రాసి పంపడానికి కార్డులుండేవి. ఆ ఓట్లు తగ్గితే కథ ఆగిపోతుంది. మన వారపత్రికల్లో సీరియళ్ళు రాజ్యమేలిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది కొత్త కాదు. ప్రతి భాగం చివరా ఉత్కంఠ, పాఠకుల ఉత్తరాలు, ఆదరణ ఉంటే సాగతీత. కాబట్టి ఒక కథకి వెయ్యి ఎపిసోడ్లున్నాయంటే అది గొప్పదని కాదు, చెడ్డదనీ కాదు. జనం వారం వారం అడిగారు, ఆయన గీశాడు. అంతే.

ఇక మొదలెక్కడ? నేను పిల్లలకి జాబితా కంటే ముందు రెండు ప్రశ్నలు ఇస్తాను. ఒకటి, ఈ కథ ఎవరి వైపు నిలబడి చూస్తోంది? రెండు, వెలివేయబడ్డవాడు గెలిచినప్పుడు ఆ గెలుపుకి కారణం ఏమని చెబుతోంది? అతని చేతలా, అతని రక్తమా?

రెండో ప్రశ్న ఎందుకో 'నరుతో' చూస్తే అర్థమవుతుంది. మసాషి కిషిమోతో 1999 నుంచి 2014 దాకా గీసిన మాంగా. దాదాపు ప్రతి జాబితాలోనూ ఉంటుంది. తల్లీతండ్రీ లేని ఒక పిల్లవాడు. వాడిలో ఒక రాక్షస నక్కని బంధించి ఉంచారు కాబట్టి ఊరంతా వాడిని అసహ్యించుకుంటుంది. వాడితో ఆడొద్దని పెద్దలు పిల్లలకి చెబుతారు. బడి బయట ఉయ్యాల మీద ఒక్కడే కూర్చుంటాడు. మన పిల్లలకి ఆ ఊరు ఇట్టే తెలిసిపోతుంది. ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

అదే కథలో నేజీ అని ఇంకొకడున్నాడు. హ్యూగా వంశం. వాళ్ళలో పెద్దింటివాళ్ళు, చిన్నింటివాళ్ళు అని రెండు శాఖలు. చిన్నింటివాళ్ళ నుదుటి మీద ఒక ముద్ర వేస్తారు. పెద్దింటివాళ్ళు తలచుకుంటే ఆ ముద్రతో వాళ్ళని గిలగిల్లాడించవచ్చు. చిన్నింటివాళ్ళు పుట్టేదే పెద్దింటివాళ్ళని కాపాడటానికి. నేజీ తండ్రీ, పెద్దింటి యజమానీ కవలలు. కాస్త ముందు పుట్టినవాడు యజమాని, కాస్త వెనక పుట్టినవాడు దాసుడు. పుట్టుకతో మనిషి విలువ కట్టడం ఎంత అర్థం లేనిదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? నేను పెద్దయ్యి ఊరి నాయకుణ్ణయ్యాక హ్యూగా వంశాన్ని మారుస్తానని నరుతో నేజీతో అంటాడు. ఆ ఘట్టంలో మా పిల్లలు చప్పట్లు కొడతారు.

తర్వాత ఏమవుతుంది? అనాథ అనుకున్న నరుతో ఆ ఊరిని ఏలిన నాలుగో నాయకుడి కొడుకని తేలుతుంది. తల్లి కూడా పేరున్న వంశమే. ఇది మనకి తెలిసిన పాత పద్ధతే. సూతపుత్రుడని కర్ణుణ్ణి అవమానిస్తే గుండె తరుక్కుపోతుంది. తీరా చూస్తే కుంతి కొడుకు. ఏకలవ్యుణ్ణి కూడా వదల్లేదు. నిషాదులు పెంచారే గానీ అతను వసుదేవుడి తమ్ముడి కొడుకేనని హరివంశం చెబుతుంది. కిందివాడిలో గొప్పతనం కనిపిస్తే చాలు, వాడి పుట్టుక తవ్వి పైవాడి రక్తం ఉందని చూపించేదాకా కథలకి నిద్ర పట్టదు. తెలుగు సినిమా దీని మీద ఎన్ని దశాబ్దాలు బతికిందో మీకు తెలుసు. కూలివాడిగా పెరిగిన హీరో క్లైమాక్స్‌లో జమీందారు వారసుడు.

'నరుతో' చూడొద్దని నేననను. కన్నీళ్ళు తెప్పించే కథ. మొదటిది మాత్రం అది కాకూడదంటాను. చూసేటప్పుడు ఒక పని చెయ్యండి. హ్యూగా వంశాన్ని మారుస్తానన్న మాట ఏ ఎపిసోడ్లో నెరవేరిందో వెతకండి.

మరి మొదటిది ఏది? నా జవాబు 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్'. హొక్కైదోలో పాడి రైతుల ఇంట పుట్టిన హిరోము అరకావా అనే ఆమె 2001 నుంచి 2010 దాకా గీసిన మాంగా. దీనికి రెండు యానిమేలున్నాయి. 2003లో వచ్చినది మాంగా పూర్తికాకముందే తీశారు కాబట్టి కథ దారి తప్పుతుంది. 2009లో మొదలైన 'బ్రదర్‌హుడ్' మాంగాని చివరిదాకా అనుసరిస్తుంది. 64 ఎపిసోడ్లు. రోజుకి రెండు చూస్తే నెల రోజులు. మొదలుంది, ముగింపుంది, సాగతీత లేదు.

చనిపోయిన తల్లిని తిరిగి తెచ్చుకోవాలని ఇద్దరన్నదమ్ములు నిషిద్ధమైన రసవిద్యకి పాల్పడతారు. పెద్దవాడికి ఒక చెయ్యీ ఒక కాలూ పోతాయి, చిన్నవాడికి మొత్తం శరీరమే పోయి ప్రాణం ఒక ఇనప కవచంలో నిలుస్తుంది. పోయినవి తిరిగి సంపాదించుకోవడానికి బయలుదేరతారు. ఇదంతా పిల్లల సాహసగాథలానే ఉంటుంది. కానీ కాస్త లోపలికి వెళ్ళేసరికి ఇష్వాల్ అనే ఒక జాతిని ఆ దేశ సైన్యం తుడిచిపెట్టిన సంగతి బయటపడుతుంది. మనకి అప్పటిదాకా నచ్చిన సైనికాధికారులే ఆ పని చేసినవాళ్ళు. ఆర్డరొచ్చింది, చేశాం అని తప్పించుకోవడానికి రచయిత్రి వాళ్ళకి దారి ఇవ్వదు. చేసినదాని బరువు వాళ్ళ చేత మోయిస్తుంది. అటు బతికి బయటపడ్డ ఇష్వాల్ మనిషి కోపాన్ని కూడా ఉన్మాదంగా కొట్టిపారెయ్యదు.

నా రెండో ప్రశ్నకి ఈ కథ ఇచ్చే జవాబు కోసమే దీన్ని ముందు పెడతాను. ఇక్కడా హీరోల తండ్రి ఎవరన్న రహస్యం ఉంది. ఆ రహస్యం విప్పితే బయటికొచ్చేది రాజు కాదు, సేనాపతి కాదు. ఒక బానిస. పేరు కూడా లేదు, ఇరవైమూడో నంబరు. అతనికి పేరూ, చదువూ ఎలా దొరికాయో, దానికి ఎంత మూల్యం చెల్లించాడో కథలో చూడండి. చదువొస్తే బతుకెలా మారుతుందో సీసాలోంచి ఒక గొంతు అతనికి చెప్పే దృశ్యం దగ్గర నేను వీడియో ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. మా తాతకి వేలిముద్ర తప్ప సంతకం తెలియదు. ఊళ్ళో ఆయన్ని ఎవరూ పేరుతో పిలిచినవాళ్ళు కారు, కులం పేరుతోనే పిలుపు. నెలకి జీతమొచ్చే ఉద్యోగంలో చేరాక నేను మొదట చేసిన పని ఆయన పేరు పూర్తిగా రాసి, ఫొటో కింద అంటించి, ఇంట్లో గోడకి పెట్టడం.

నెల రోజులు తీరిక లేదు, రెండు గంటలే ఉన్నాయంటే 'ఎ సైలెంట్ వాయిస్' చూడండి. యోషితోకి ఓయిమా గీసిన మాంగా ఆధారంగా నవోకో యమదా 2016లో తీసిన సినిమా. చెవులు వినిపించని ఒక అమ్మాయి కొత్తగా బడిలో చేరుతుంది. తరగతిలో ఒక అబ్బాయి ఆమెని ఏడిపిస్తాడు, వినికిడి యంత్రాలు లాగి పారేస్తాడు. తరగతి మొత్తం నవ్వుతుంది. టీచరు చూసీ చూడనట్టుంటాడు. విషయం బయటికి రాగానే అందరూ కలిసి నేరమంతా ఆ ఒక్కడి మీదే నెట్టేసి మంచివాళ్ళయిపోతారు. కాలేజీల్లో ఒక విద్యార్థి ప్రాణం పోయాక జరిగే కమిటీల తంతు చూసినవాళ్ళకి ఈ ఘట్టం బాగా తెలుస్తుంది. అందరూ ప్రేక్షకులే, ఎవరూ బాధ్యులు కారు.

దీంతో నాకొక పేచీ ఉంది. సినిమా ఏడిపించినవాడి పశ్చాత్తాపం వెంట వెళ్ళినంత దూరం ఆ అమ్మాయి మనసు వెంట వెళ్ళదు. ఆమె మాటిమాటికీ తనే క్షమాపణ చెబుతుంది. ఆమె ఎందుకు చెప్పాలి? ఈ ప్రశ్న క్లాసులో వేస్తే గంట సరిపోదు. అందుకే దీన్ని ముఖ్యంగా అవతలి వైపు పిల్లలకి, అంటే ఎప్పుడూ కులం పేరు పెట్టి పిలిపించుకోని పిల్లలకి, మొదటిదిగా సూచిస్తాను.

ఇక 'వన్ పీస్'. ఐచిరో ఓడా 1997లో మొదలుపెట్టాడు. 2021లోనే యానిమే వెయ్యో ఎపిసోడ్ దాటింది. అంత పొడుగు చూసి భయపడి చాలామంది వదిలేస్తారు. సముద్రపు దొంగల కథ, రబ్బరులా సాగే హీరో, ఆకతాయి హాస్యం. ఇందులో మనకేముంది అనిపిస్తుంది. ఉంది. చేపమనుషుల కథ ఉంది. మనుషులు వాళ్ళని చేపలంటారు, సంతలో అమ్ముతారు. లోకాన్ని ఏలేవాళ్ళు సెలెస్టియల్ డ్రాగన్లు. పూర్వం లోకప్రభుత్వాన్ని స్థాపించిన రాజుల సంతతి. వాళ్ళు వీధిలో నడుస్తుంటే అందరూ మోకాళ్ళ మీద కూలబడాలి. సామాన్యులు పీల్చే గాలి తాము పీల్చకూడదని వాళ్ళు తలకి ఒక బుడగ తొడుక్కుని తిరుగుతారు.

పీష్వాల కాలంలో పూణేలో అంటరానివాళ్ళు మెడకి ముంత, నడుముకి చీపురు కట్టుకుని నడవాల్సి వచ్చిందని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో రాశాడు. మైల పడతామన్న భయం వాళ్ళది, బరువు మోసింది మనం. ఓడా దాన్ని తిరగేశాడు. అంటు భయం ఎవరికుందో వాళ్ళ నెత్తి మీదే ఆ బుడగ పెట్టాడు. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. ఇన్నేళ్ళ దళిత సాహిత్యం చదివి కూడా అంటరానితనాన్ని చూసి నవ్వడం నాకు ఆ బొమ్మ దగ్గరే తెలిసింది.

ఫిషర్ టైగర్ అనే చేపమనిషి ఆ దొరల కోట మీదికి ఒంటరిగా ఎక్కి బానిసలందరినీ విడిపిస్తాడు. మనుషులని కూడా. బానిసల ఒంటి మీద కాల్చిన ముద్రలుంటాయి. అవి కనిపించకుండా వాటి మీద సూర్యుడి బొమ్మ వేయిస్తాడు. ముద్ర లేనివాళ్ళు కూడా అదే సూర్యుణ్ణి వేయించుకుంటారు, ఎవరు బానిసగా ఉన్నారో బయటివాళ్ళకి తెలియకుండా. విడుదలైనవాళ్ళలో కోఆలా అనే చిన్నపిల్ల ఉంటుంది. ఎవరు చూసినా నవ్వుతుంది. ఖాళీగా ఉంటే చంపేస్తారేమోనని ఓడ నేల తుడుస్తూనే ఉంటుంది. ఏడిస్తే చంపుతారని నేర్పారు కాబట్టి దెబ్బ తగిలినా నవ్వుతుంది.

మా డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె ఈ ఘట్టం చూసి మర్నాడు నా దగ్గరికొచ్చింది. "మేడమ్, మా అమ్మ ఆసామి ఇంట్లో అచ్చం అట్టాగే నవ్వుద్ది," అంది. "నేను మా అమ్మది మంచి స్వభావం అనుకునేదాన్ని."

అంతకుమించి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఆ వాక్యానికి సరిపోయే వ్యాఖ్యానం నా థీసిస్‌లో ఎక్కడా లేదు. జపాన్‌లో కూర్చుని పిల్లల కోసం గీసిన ఒక బొమ్మ, మన పల్లెలో ఒక తల్లి ముఖాన్ని కూతురికి చదివి చెప్పింది. సాహిత్యం చెయ్యాల్సిన పని ఇదే కదా. అది ఏ అట్ట వేసుకుని వచ్చిందన్నది ఎవరికి కావాలి?

'వన్ పీస్'లోనూ రక్తం గొడవ ఉంది. హీరో లూఫీ తాత నౌకాదళంలో పెద్ద అధికారి, తండ్రి విప్లవకారుల నాయకుడు. వంశం మోజు పూర్తిగా వదల్లేదు. కానీ అదే కథలో చేపమనుషుల దీవిలో మనుషులకి రక్తం ఇవ్వకూడదన్న నియమం ఉంటే, దాన్ని పక్కకి నెట్టి జింబే అనే చేపమనిషి లూఫీకి తన రక్తం ఎక్కించమంటాడు. ఒక కథలో రక్తం పుట్టుకకి సాక్ష్యం, ఇంకో చోట మనిషికి మనిషి ఇచ్చేది. ఏది ఏదో పట్టుకోవడం నేర్చుకోవాలి.

ఓడాతో కూడా నాకు వాదన ఉంది. చేపమనుషుల రాణి తన ప్రజలతో, మీ ద్వేషాన్ని మీ పిల్లలకి ఇవ్వకండి అంటుంది. మంచి మాటే. కాకపోతే బానిసల సంతలు నడిచేది పైన, మనుషుల లోకంలో. సంతకాలు సేకరించమని, మనసు మార్చుకోమని ముందు అడిగేది మాత్రం సముద్రం అడుగున ఉన్నవాళ్ళని. మన ఊళ్ళలో దాడి జరిగాక పెట్టే శాంతి సమావేశాలు గుర్తొస్తాయి. సర్దుకుపొమ్మని ఎప్పుడూ మనకే చెబుతారు. ఈ వాదన పెట్టుకుంటూ చూడండి, కథ ఇంకా బాగుంటుంది.

పుస్తకం పట్టుకుని చదివే అలవాటున్నవాళ్ళకి రెండు మాంగాలు. మొదటిది కేజీ నకజావా 'బేర్‌ఫుట్ గెన్'. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు నకజావాకి ఆరేళ్ళు. తండ్రి, అక్క, తమ్ముడు ఆ రోజే పోయారు. 1973లో తన కథనే గెన్ కథగా గీయడం మొదలుపెట్టాడు, అదీ పిల్లలు చదివే 'షోనెన్ జంప్' లోనే. బాంబు పడకముందు పేజీలు జాగ్రత్తగా చదవండి. గెన్ తండ్రి యుద్ధం వద్దంటాడు. వెంటనే ఆ ఇల్లు దేశద్రోహుల ఇల్లవుతుంది. పొరుగువాళ్ళు మాట్లాడటం మానేస్తారు, పిల్లల్ని కొడతారు. ఆ కుటుంబంతో స్నేహంగా ఉండేది కొరియా నుంచి వచ్చిన పాక్ ఒక్కడే. అతనూ ఆ వీధిలో అంటరానివాడే. దేశభక్తి పరీక్షలు ఎలా పెడతారో, అందులో ఎవరు ముందుగా ఫెయిలవుతారో తెలుసుకోవాలంటే ఇది చదవాలి. 2023లో హిరోషిమా నగరం తన బడుల శాంతి పాఠాల్లోంచి గెన్‌ని తీసేసింది. బొమ్మల కథకి కూడా భయపడతారన్నమాట.

రెండోది ఒసాము తెజుకా 'బుద్ధ'. 1972 నుంచి 1983 దాకా వచ్చింది, ఇంగ్లిషులో ఎనిమిది సంపుటాలు. బుద్ధుడి కథ రాజభవనంలో మొదలవుతుందని కదా మనం అనుకుంటాం. తెజుకా అక్కడ మొదలుపెట్టడు. చాప్రా అనే బానిస పిల్లవాడితో, తత్తా అనే అంటరాని పిల్లవాడితో మొదలుపెడతాడు. ఈ ఇద్దరూ తెజుకా కల్పన. సిద్ధార్థుడు పుట్టేసరికే మనం వాళ్ళ వెంట చాలా దూరం నడిచేసి ఉంటాం. చాప్రా ఒక సేనాపతి ప్రాణం కాపాడి, పుట్టుక దాచి, అతని దత్తపుత్రుడవుతాడు. అన్ని విద్యల్లో ముందుంటాడు. తల్లి ఎవరో బయటపడ్డ రోజున ఆ విద్యలేవీ అతన్ని కాపాడవు. ఇక్కడ రక్తం రహస్యం 'నరుతో'లా పైకి తీసుకెళ్ళదు, ప్రాణం తీస్తుంది. మన దేశం సంగతి తెజుకాకి బాగా తెలిసినట్టుంది.

'బుద్ధుడు - ఆయన ధమ్మం' చదివినవాళ్ళు తేడాలు పట్టుకుంటారు. ముసలివాణ్ణీ రోగినీ శవాన్నీ చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడన్న కథని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులకీ కోలియులకీ వచ్చిన తగాదాలో యుద్ధం వద్దన్నందుకు వెళ్ళాల్సి వచ్చిందని రాశాడు. తెజుకా ఆ దారి పట్టలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక సెమినార్ పేపరే అవుతుంది. ఎవరైనా రాయండి, నేను చూసిపెడతాను.

చివరగా, ఉద్యమంలో ఉన్నవాళ్ళకి, రాసేవాళ్ళకి నేను చెప్పే పేరు సాన్‌పే షిరాతో 'కాముయ్'. దీనికి ముందు కాస్త చరిత్ర తెలియాలి. జపాన్‌లో కులం లేదని మనలో చాలామంది నమ్మకం. చచ్చిన పశువుల తోళ్ళు తీసేవాళ్ళని, శిక్షలు అమలుచేసే పని నెత్తిన పడ్డవాళ్ళని ఊరికి దూరంగా ఉంచిన దేశమది. 1871లో చట్టం వాళ్ళని మామూలు పౌరులన్నది. ఊరు అనలేదు. ఆ వాడలని బురాకు అంటారు, అక్కడివాళ్ళని బురాకుమిన్ అంటారు. 1922 మార్చి 3న క్యోటోలో వాళ్ళు సుయిహెయిషా అనే సంఘం పెట్టుకున్నారు. సమానం చేసేవాళ్ళ సంఘం అని చెప్పుకోవచ్చు. మనకి 'మాలపల్లి' నవల వచ్చింది కూడా ఆ ఏడాదే.

1975లో ఒక సంగతి బయటపడింది. బురాకు వాడల పేర్లూ చిరునామాలూ అచ్చువేసి కంపెనీలకి రహస్యంగా అమ్ముతున్నారు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినవాడి ఊరు చూసి వాడి పుట్టుక తెలుసుకోవడానికి. ముఖం ఒకటే, భాష ఒకటే, పేరు బట్టి కూడా తెలియదు. కాబట్టి అడ్రసు కావాలి. నేను లెక్చరర్‌గా చేరిన టౌన్లో అద్దె ఇంటి కోసం తిరుగుతున్నప్పుడు ఒక ఇంటావిడ నా చదువు విని సంతోషించి, కాఫీ ఇచ్చి, "మీదే ఊరమ్మా?" అంది. చెప్పాను. "ఊళ్ళో ఎటువైపు?" అంది. ఆ రెండో ప్రశ్న తర్వాత ఇల్లు ఖాళీ లేదు. జపాన్‌లో దానికి పుస్తకం అచ్చువేశారు, ఇక్కడ కాఫీ గ్లాసు చాలు.

షిరాతో తండ్రి కార్మికవర్గ చిత్రకళా ఉద్యమంలో పనిచేసిన చిత్రకారుడు. 'కాముయ్' 1964 నుంచి 1971 దాకా 'గారో' అనే పత్రికలో వచ్చింది. ఆ పత్రిక పెట్టిందే ఈ కథ కోసం. ఆ రోజుల్లో జపాన్ విశ్వవిద్యాలయాల్లో ఉద్యమాల్లో ఉన్న విద్యార్థులు దీన్ని విరగబడి చదివారు. కాముయ్ వెలివాడలో పుట్టినవాడు. ఆ బతుకు నుంచి తప్పించుకోవడానికి నింజా అవుతాడు. షోసుకే అనే పేద రైతు పిల్లవాడు చదువుకుని రైతుల్ని కూడగడతాడు. కాముయ్ అక్క నానా, షోసుకే ఒకరినొకరు ఇష్టపడతారు. వెలివాడ పిల్లకీ రైతుబిడ్డకీ పెళ్ళంటే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రైతుల్నీ వెలివాడనీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొలిపి పైవాడు ఎలా నిశ్చింతగా ఉంటాడో ఇంత వివరంగా చూపించిన బొమ్మల కథ నేనింకోటి చూడలేదు. అంతటి కథ మన జాబితాల్లో కనిపించదు. ఇప్పుడిప్పుడే ఇంగ్లిషులోకి వస్తోంది. ఖరీదైన సంపుటాలు. లైబ్రరీ కమిటీల్లో ఉన్నవాళ్ళు దీన్ని తెప్పించమని అడగండి.

ఇక్కడ మొదటి ప్రశ్న మళ్ళీ వస్తుంది. షిరాతో బురాకు మనిషి కాదు. 1906లో బురాకు పుట్టుక దాచుకున్న బడిపంతులి మీద 'హకాయ్' నవల రాసిన తోసోన్ షిమజాకీ కూడా కాదు. ఆ పంతులు చివరికి పిల్లల ముందు మోకరిల్లి, ఇన్నాళ్ళూ దాచినందుకు క్షమించమంటాడు. తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పే నాకు ఆ దృశ్యం మింగుడు పడదు. ఆ వాడలో పుట్టినవాడు రాస్తే ఆ పంతులు మోకాళ్ళ మీద కూర్చునేవాడా? ఉన్నవ 'మాలపల్లి'ని గౌరవిస్తూనే మనం ఇదే అడిగాం. అడిగిన తర్వాతే మన కథలు మనం రాసుకున్నాం.

'పోరాటాలు చెయ్యాల్సిన పిల్లల్ని బొమ్మలు చూడమంటారా' అని కొందరు పెద్దలు నన్ను అడుగుతారని తెలుసు. పిల్లలు ఎలాగూ చూస్తున్నారన్నా. మనం చెయ్యగలిగింది వాళ్ళ చేతికి రెండు ప్రశ్నలు ఇవ్వడం. బాబాసాహెబ్ జీవితాన్ని దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు 'భీమాయన'గా 2011లో బొమ్మల్లోకి తెచ్చారు. ఫూలే మీద కూడా అదే ఏడాది ఒక బొమ్మల పుస్తకం వచ్చింది. మన భాషలో మన వాడ నుంచి గీసేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? ఈ పిల్లల్లోంచే.

కాబట్టి నా వరస ఇది. ఒక సాయంత్రమే ఉంటే 'ఎ సైలెంట్ వాయిస్'. నెల రోజులుంటే 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్'. చదివే ఓపికుంటే 'బుద్ధ' మొదటి సంపుటం, ఆ వెంటనే 'గెన్'. ఆ తర్వాత 'వన్ పీస్', తొందర లేకుండా, ఏడాదైనా ఫర్వాలేదు. రాయాలనో గీయాలనో ఉంటే 'కాముయ్'. 'నరుతో' ఎప్పుడైనా చూడండి, రెండు ప్రశ్నలూ జేబులో ఉంచుకుని.

ఇప్పటికే వేరే దేంతోనో మొదలుపెట్టేసినవాళ్ళు అదేంటో రాయండి. కథ బాగుందని ఒక్క ముక్కలో సరిపెట్టొద్దు. అందులో ఊరి బయట ఉన్నది ఎవరో, కథ వాళ్ళని చివరికి ఏం చేసిందో రాయండి. వచ్చే వారం వాటి మీద మాట్లాడుకుందాం.

జై భీమ్.